17 అడుగుల బోటుతో రాత్రి నీళ్ల మీదే ఉండాలంటే లంగరు ఎక్కడ, ఎలా? (హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు)

నీటిబాట_17
అందరికీ నమస్తే. బోటు వివరాలు ముందే ఇస్తున్నా. ఫైబర్ బోటు, పొడవు 5.2 మీ., వెడల్పు 1.9 మీ., నీళ్లలో మునిగేది 30 సెం.మీ., ఖాళీ బరువు 400 కిలోల పైచిలుకు. 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్. ముందు భాగంలో ఇద్దరు పడుకునేంత చిన్న కప్పు. ట్రైలర్ మీద హైదరాబాద్‌లోనే ఉంటుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఒక రాత్రి నీళ్ల మీదే ఉండాలని ఆలోచన. ఎక్కడ ఆగొచ్చు? ఒడ్డుకు కట్టాలా, నీళ్ల మధ్య లంగరు వేయాలా? తాడు ఎంత? యూట్యూబ్‌లో దొరికేవన్నీ సముద్రం గురించే. మన జలాశయాలకు అందులో పనికొచ్చేది ఎంత, రానిది ఎంత?

పెడల్_హుస్సేన్
హుస్సేన్ సాగర్ మీద ఆశ పెట్టుకోకు తమ్మీ. సెయిలింగ్ క్లబ్బుల చిన్న బోట్లే రాత్రి నీళ్లల్ల ఉండయి. లేజర్లు, ఆప్టిమిస్టులు (తెరచాప బోట్ల రకాలు) రేసు అయిపోంగనే ర్యాంపు మీదికి గుంజుతరు, ట్రాలీ మీద పెడతరు. ఇంగ లంగరు ఏస్తే అడుగున ఏముంటది? ఏండ్ల సంది మునిగిన వినాయకుల ఇనుప చట్రాలు. క్రేన్లు పెట్టి తీస్తరు గని అన్నీ యాడ ఎల్తయి? ఆండ్ల ఇరికిందంటే లంగరు గణపయ్యకే సమర్పయామి.
గండిపేట, హిమాయత్ సాగర్ తాగునీళ్లయి. ఆ దిక్కు పోనే వద్దు.

సాగర్_మాపు
పెడల్ అన్న చెప్పింది నిజం. హైదరాబాద్‌లో బోటున్నవాళ్లకు ట్రైలరే రేవు. రాత్రి ఉండే నీళ్లు కావాలంటే కృష్ణ మీదికి పోవాలి. నాగార్జున సాగర్ 150 కి.మీ., శ్రీశైలం వెనక జలాల ఒడ్డున సోమశిల 180 కి.మీ. దగ్గర. నది ఒకటే అయినా లంగరు వేసేవాడికి ఈ రెండూ పూర్తిగా వేరు.

ముందు మట్టం సంగతి చూద్దాం. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అప్పుడు నీళ్లు పరుచుకునేది సుమారు 285 చ.కి.మీ. అంత విస్తీర్ణంలో ఒక్క అడుగు తగ్గాలంటే 3 టీఎంసీలు పోవాలి. 1 టీఎంసీ అంటే ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు. అంటే రాబడి ఏమీ లేకుండా 35,000 క్యూసెక్కులు 24 గంటలు వదిలితే ఒక అడుగు. శీతాకాలంలో డ్యామ్ వైపు పెద్ద నీళ్లలో రాత్రికి రాత్రి మట్టం తగ్గేది సెంటీమీటర్లలోనే. వర్షాకాలంలో లెక్క తిరగబడుతుంది. 3.5 లక్షల క్యూసెక్కులు వచ్చి, కింద గేట్లు మూసి ఉంటే రోజుకు 10 అడుగులు పెరుగుతుంది. జూలై నుంచి అక్టోబర్ దాకా రాత్రి మకాం మాటే వద్దు.

ఇక పైకి, శ్రీశైలం డ్యామ్ దిగువ లోయలోకి పోతే ఈ లెక్కేదీ పనిచేయదు. అక్కడ శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. కరెంటు డిమాండ్ ఉన్నప్పుడు నీళ్లు కిందికి వదులుతాయి, లేనప్పుడు అవే యూనిట్లు నీళ్లు వెనక్కి తోడగలవు. లోయ ఇరుకు. సాయంత్రం నిశ్చలంగా కనిపించిన నీళ్లు గంటలో ప్రవాహమై లాగుతాయి, మట్టం కూడా లేస్తుంది లేదా దిగుతుంది. సముద్రంలో ఆటుపోట్లకు ముందే పట్టిక ఉంటుంది. ఇక్కడ అలాంటిది మీ చేతిలో ఉండదు. ఆ భాగంలో రాత్రి ఆగొద్దు.

సోమశిల వైపు వేరే చిక్కు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, వేసవికల్లా బాగా దిగిపోతుంది. అక్కడ మట్టం ఎలా ఉందో తెలుసుకోవడానికి పాత కొలబద్ద సంగమేశ్వరం గుడి. నీళ్లలో ఉందా, శిఖరం తేలిందా, మొత్తం బయటపడిందా అని అడిగితే ఒడ్డున ఎవరైనా చెప్తారు. ఆ గుడి మునిగిందంటే దానితోపాటు ఊళ్లూ మునిగాయి. గోడలు, బావి గట్లు, కరెంటు స్తంభాలు, చెట్ల మోడులు అడుగునే ఉన్నాయి. లంగరు ఇరుక్కునేది వాటిలోనే. మట్టం దిగుతున్న నెలల్లో అవి బోటు అడుగుకూ తగులుతాయి.

చట్టం_చదివినోడు
స్థలం కన్నా ముందు కాగితాలు. అవుట్‌బోర్డ్ తగిలించాక అది యంత్రంతో నడిచే నౌక కింద లెక్క. ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం, 2021 (1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చింది) ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. నీళ్లు నీటిపారుదల శాఖవి, ఒడ్డు చాలాచోట్ల అటవీ శాఖది. సాగర్ పై భాగంలో తెలంగాణ గట్టు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, ఆంధ్ర గట్టు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ రాత్రి చెట్టుకు తాడు కట్టారంటే అడవిలో మకాం వేసినట్టే. అనుమతి లేకుండా కుదరదు. నాగార్జునకొండ దీవి మీద కూడా రాత్రి ఉండటానికి లేదు.
రాతపూర్వకంగా తీసుకోండి. తేదీ, బోటు నంబరు, మనుషుల పేర్లు, ఏ గట్టున ఆగుతారో అన్నీ రాసి ఉండాలి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక కాపీ ఇవ్వండి. "లాంచీ దగ్గర తెలిసినాయన ఉన్నాడు" అనేది అనుమతి కాదు.

తాడుముడి
ఇప్పుడు సామాను. తమ్ముడూ, యూట్యూబ్ సూత్రంలో తప్పేం లేదు, అందులో వేసే అంకెలే మారతాయి.

తాడు పొడవు = (నీటి లోతు + నీటి నుంచి బోటు ముక్కు దాకా ఎత్తు + రాత్రి పెరగగల మట్టం) × 7. లోతు 4 మీ., ముక్కు ఎత్తు 0.7, మట్టానికి 0.3 అనుకుంటే మొత్తం 5. అంటే 35 మీటర్లు. ముక్కు ఎత్తు మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు. 2 మీటర్ల నీళ్లలో ఆ 0.7 వదిలేస్తే 5 మీటర్ల తాడు తగ్గిపోతుంది.

7 ఎందుకంటే కోణం కోసం. 3 రెట్లు వదిలితే లాగుడు అడుగుకు దాదాపు 20 డిగ్రీల్లో పైకి ఉంటుంది, 7 రెట్లకు 8 డిగ్రీలకు పడిపోతుంది. లంగరు రెక్క మట్టిలోకి దిగేది అడ్డంగా లాగినప్పుడే. పైకి లాగితే ఊడి వచ్చేస్తుంది. పగలు భోజనానికి ఆగితే 4 చాలు. నిద్రపోవాలంటే 7.

బలం సంగతి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టికలో 20 అడుగుల బోటుకు 15 నాట్ల గాలిలో (గంటకు 28 కి.మీ.) తాడు మీద పడే భారం సుమారు 40 కిలోలు, 30 నాట్లకు 160 కిలోలు. గాలి రెట్టింపైతే భారం నాలుగింతలు. సాయంత్రం చేత్తో లాగి చూసి "గట్టిగానే ఉంది" అనుకునేవాళ్లు ఈ నాలుగింతలు గుర్తుపెట్టుకోవాలి.

మీ బోటుకు నేను చెప్పేది: 5 నుంచి 6 కిలోల డాన్‌ఫోర్త్ తరహా లంగరు (రెండు పలుచటి రెక్కలు మడత పడేది), 8 మి.మీ. గాల్వనైజ్డ్ గొలుసు 5 మీటర్లు, 12 మి.మీ. మూడు పేటల నైలాన్ తాడు 60 మీటర్లు. గొలుసు మీటరుకు కిలోన్నర దాకా తూగుతుంది. దాని పని బరువు మాత్రమే కాదు, అడుగున రాళ్లకు తాడు రాసుకుని తెగకుండా కాపాడటం కూడా. నైలాన్ సాగుతుంది, అందుకే అల కొట్టినప్పుడు కుదుపు లంగరు దాకా పోదు. నీలం, పసుపు రంగుల్లో చవగ్గా దొరికే పాలీప్రొపిలీన్ తాడు తీసుకోకండి. అది నీళ్ల మీద తేలి రాత్రి పక్క బోటు ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది, ఎండకు పొడి రాలుతుంది, సాగదు.

ఆన్‌లైన్‌లో "బోటు లంగరు" అని అమ్మే కిలోన్నర మడత గ్రాప్‌నెల్ (నాలుగు కొక్కాలది) కయాక్‌కు, అరగంట గాలం వేయడానికి సరే. బురదలో దువ్వెన లాగినట్టు జారిపోతుంది. మోళ్లలో అయితే ఒక కొక్కెం ఎక్కడో తగులుకుని పట్టినట్టు అనిపిస్తుంది, గాలి దిశ మారగానే వదిలేస్తుంది.

గెడకర్ర
సిమెంటు దిమ్మ పోసి వాడితే ఏమవుతుంది అన్నా? రింగు పెట్టి 40 కిలోల దిమ్మ పోస్తే ఖర్చు తక్కువ కదా.

తాడుముడి
నీళ్లలో సిమెంటు కాంక్రీటు బరువు 58 శాతమే మిగులుతుంది (ఘనపు మీటరు 2,400 కిలోలు, అందులో 1,000 కిలోలు నీరే మోస్తుంది). మీ 40 కిలోలు 23 అవుతాయి. అది అడుగున జారకుండా ఆపే రాపిడి అంతకన్నా తక్కువ. పై పట్టికలో 15 నాట్లకే 40 కిలోలు అన్నాం. దిమ్మ అనేది ఒకేచోట శాశ్వతంగా బోటు కట్టుకునే బోయా కింద వేసేది, అదీ వందల కిలోల్లో, బురదలో కూరుకుపోయాక. జలాశయంలో సొంతంగా దిమ్మ వేసి వదిలేయడానికి అనుమతి దొరకదు. ఇసుక బస్తా సంగతి అడగక ముందే చెప్తున్నా, అదీ అంతే.

సాగర్_మాపు
స్థలం ఎంచుకోవడం గురించి ఇంకొంచెం. మ్యాప్‌లో కొండల మధ్య సన్నగా లోపలికి పోయిన నీటి పాయ కనబడితే అందరికీ అదే నచ్చుతుంది. గాలి తగలదు, నిజమే. కానీ సాగర్ లోయ వైపు గట్లు క్వార్ట్‌జైట్ రాయి. ఒడ్డు నుంచి బోటు పొడవంత దూరంలోనే 20 మీటర్ల లోతు ఉండొచ్చు. 7 రెట్లంటే 145 మీటర్ల తాడు. అంత తాడు మోయరు, మోసినా బోటు తిరిగే వలయం పాయ వెడల్పు దాటిపోతుంది. పైగా రాతి పలక మీద ఏ లంగరూ పట్టదు.

మీకు కావాల్సింది 3 నుంచి 5 మీటర్ల లోతు, మెల్లగా దిగే ఒడ్డు, ఒకప్పుడు పొలం అయిన నేల. మునిగిన నల్లరేగడి పైపైన మెత్తగా ఉన్నా ఒక జానెడు కింద జిగురుగా పట్టుకుంటుంది, డాన్‌ఫోర్త్‌కు అది బాగా నప్పుతుంది. తెలుసుకోవడం తేలిక. అరకిలో సీసం గుండుకు మీటరు మీటరుకు ముడి వేసిన దారం కట్టి, గుండు అడుగున గుంట చేసి గ్రీజు పూసి దించండి. లోతు ముళ్లు చెప్తాయి, అడుగున ఏముందో గ్రీజుకు అంటుకుని పైకి వస్తుంది. ఏమీ అంటకుండా గీత పడి వస్తే రాయి. ఒకచోట కాదు, బోటు తిరిగే వలయం అంతా నాలుగైదు చోట్ల చూడాలి. సోనార్ (శబ్ద తరంగాలతో నీటి అడుగు చూపే పరికరం) ఉంటే మోళ్లు కూడా కనబడతాయి.

వాగు వచ్చి కలిసే మూల వద్దు. పైన ఎక్కడో వాన పడితే మీకు చుక్క పడకుండానే రాత్రి నీళ్లు వస్తాయి, కొమ్మలు, గుర్రపుడెక్క దిబ్బలు తెస్తాయి. దిబ్బ తాడుకు అడ్డం పడిందంటే దాని బరువంతా లంగరే మోయాలి.

వలలు. జాలర్లు సాయంత్రం వేసి తెల్లారకముందే తీస్తారు. ప్లాస్టిక్ సీసాలు, థర్మకోల్ ముక్కలు వరసగా తేలుతుంటే అది వల గీత. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న నీళ్లు రాత్రికి ఖాళీగా ఉంటాయని అనుకోవద్దు. ఒడ్డున మత్స్య సహకార సంఘం వాళ్లను "అన్నా, ఈ రాత్రి వల ఏ దిక్కు వేస్తున్నరు?" అని అడిగి, వాళ్లు వద్దన్న చోటు వదిలేయండి. కేరళ హౌస్‌బోట్లు సాయంత్రం ఐదున్నరకల్లా ఆగిపోయేది కూడా ఈ వలల వల్లే. వాళ్లను అడిగితే మోళ్లు, గోడలు ఎక్కడున్నాయో కూడా చెప్తారు. ఏ సోనార్‌కూ అంత తెలియదు.

డిసెంబర్‌లో పొద్దు ఆరులోపే గూకుతుంది. నాలుగింటికల్లా లంగరు దిగి ఉండాలి, ఎందుకంటే మొదటి చోటు నచ్చకపోతే రెండో చోటు వెతకడానికి వెలుతురు కావాలి.

నీటిబాట_17
థాంక్స్ అన్నా. ఒడ్డుకు కట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. అదే తేలిక కదా? రెండు మేకులు కొట్టి ముందూ వెనకా కట్టేస్తే?

గెడకర్ర
నా ఓటు ఒడ్డుకే. లంగరు జారుతుందేమోనని రాత్రంతా కూర్చోవాల్సిన పని లేదు.

తాడుముడి
ఒడ్డుకు కడితే వేరే భయాలున్నాయి. ఒడ్డు వాలు 15కి 1 అనుకోండి. మట్టం 20 సెం.మీ. దిగితే నీటి అంచు 3 మీటర్లు వెనక్కి పోతుంది. 400 కిలోల బోటు, ఇంజను, సామాను కలిపి బురదలో కూర్చుంటుంది. మోకాలు లోతు బురదలో ఇద్దరు తోస్తే కదలదు. నిలువు రాతి గట్టు దగ్గర అయితే ఇంకో రకం. తాడు బిగించి కడితే మట్టం దిగేకొద్దీ బోటు తాడుకు వేలాడుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది.

మధ్యే మార్గం ఉంది. ముక్కు లోతు వైపు పెట్టి అక్కడ లంగరు, వెనక నుంచి ఒడ్డుకు పొడవాటి తాడు. లంగరు వేసి వెనక్కి వచ్చి, ఒడ్డుకు ఓ 8, 10 మీటర్ల దూరంలో ఆగాలి. ఒడ్డు తాడు 20 మీటర్లకు తగ్గకుండా, కొంచెం వదులుగా. మేకు అయితే మీటరు పొడవు, 25 మి.మీ. ఇనుప కడ్డీ, పైకొన బోటుకు అవతలి వైపు వాలేలా కొట్టాలి, తాడు నేలకు ఆనించి కట్టాలి. చెట్టుకైతే బెరడు తెగకుండా వెడల్పాటి పట్టీ. గాలి పక్క నుంచి వస్తే ఈ పద్ధతి మంచిది కాదు, బోటు పక్క మొత్తం గాలికి అడ్డం నిలబడుతుంది. అప్పుడు ఒడ్డు తాడు వదిలేసి ఒక్క లంగరు మీదే స్వేచ్ఛగా తిరగనివ్వాలి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు: లంగరు వెనక భాగం నుంచి వేయడం. ఇంజను బరువుతో అక్కడ అంచు ముందే కిందికి ఉంటుంది. గాలి లేస్తే అలలు ఆ అంచు మీదుగా లోపలికి వస్తాయి, నీటి బరువుకు అంచు ఇంకా దిగుతుంది. చిన్న బోట్లు లంగరు మీద ఉండగా మునిగేది ఎక్కువగా ఇలాగే.

పెడల్_హుస్సేన్
మొసళ్ల ముచ్చట ఎవ్వరు తీయలె. మంజీరల అయితే అభయారణ్యమే ఉన్నది, మగ్గర్ మొసళ్లు. కృష్ణల గుడ ఉన్నయి. ఒడ్డుకు కట్టి రాత్రి కాలకృత్యాలకు దిగుడు, చాపలు కోసి కడుపులు బోటు పక్కకే పారేసుడు బంద్ పెట్టుండ్రి. గిన్నెలు గుడ ఒడ్డు మీద వంగి కడగొద్దు, బకెట్ల నీళ్లు తోడుకోండి.

గెడకర్ర
లంగరు మోళ్లలో ఇరుక్కుంటే తీయడానికి ఒక ఉపాయం. గొలుసును లంగరు తల రింగుకు కాకుండా, రెక్కలు కలిసే మొదట్లో షాకిల్‌తో (పిన్ బిగించే U ఆకారపు ఇనుప కొండీ) కట్టండి. గొలుసును కాడ వెంట తెచ్చి తల రింగుకు రెండు ప్లాస్టిక్ కేబుల్ టైలతో కట్టండి. మామూలు లాగుడు తల వైపు నుంచే పడుతుంది. ఇరుక్కుంటే బోటు సరిగ్గా పైకి తెచ్చి నిలువుగా లాగితే టైలు తెగుతాయి, లంగరు వెనక నుంచి ఊడి వస్తుంది.

తాడుముడి
పగలు చేపల వేటకు చాలా మంచి పద్ధతి. నిద్రపోయే లంగరుకు మాత్రం వద్దు. అర్ధరాత్రి గాలి దిశ మారి పక్క నుంచి కుదిపితే అవే టైలు తెగుతాయి, లంగరు దానంతట అదే వెనక నుంచి ఊడుతుంది. రాత్రికి వేరే తాడు వాడండి: రెక్కల మొదట్లో 6 మి.మీ. తాడు, పొడవు లోతుకన్నా 2 మీటర్లు ఎక్కువ, చివర చిన్న తేలుడు డబ్బా. ఇరుక్కుంటే ఆ డబ్బా పట్టి లాగడమే. డబ్బా మీద "లంగరు" అని పెద్దగా రాయండి, లేకపోతే వల గుర్తు అనుకుని ఎవరైనా ఎత్తి చూస్తారు.

వేసే పద్ధతి కూడా చెప్పేస్తా. గాలికి ఎదురుగా మెల్లగా పోయి, అనుకున్న చోట పూర్తిగా ఆగండి. లంగరు విసరకండి, చేత్తో దించండి. విసిరితే గొలుసు దాని మీదే కుప్పగా పడి రెక్కలకు చుట్టుకుంటుంది. అడుగు తగిలాక బోటు వెనక్కి కొట్టుకుపోతుంటే తాడు వదులుతూ ఉండండి. 3 రెట్లు పోయాక ఒక్క క్షణం బిగించండి, ముక్కు గాలి వైపు తిరిగితే కొరికినట్టే. మిగతా తాడు వదిలి క్లీట్‌కు (బోటు మీద తాడు చుట్టి కట్టే కొమ్ముల బిగింపు) కట్టి, ఇంజను రివర్స్‌లో మెల్లగా మొదలుపెట్టి, కొంచెం పెంచి అర నిమిషం ఉంచండి. చెయ్యి తాడు మీద పెట్టండి. గీరుకుంటున్నట్టు సన్నగా వణికితే జారుతోంది. నిలకడగా బిగిసి ఉంటే పట్టింది. రెండుసార్లు వేసినా పట్టకపోతే లంగరు పైకి తీసి చూడండి, రెక్కల మధ్య రాయో వేళ్ల ముద్దో ఉంటుంది. ఏమీ లేకపోతే నేలే మంచిది కాదు, చోటు మార్చండి.

తాడు బోటు అంచు మీద రాసుకునే చోట 30 సెం.మీ. తోట పైపు నిలువునా కోసి తొడిగి, రెండు వైపులా దారంతో కట్టండి. బిగిసిన నైలాన్ ఒక రాత్రి పదునైన ఫైబర్ అంచు మీద ఆడితే పేట తెగుతుంది. క్లీట్ కింద ఏముందో కూడా చూడండి. చాలా బోట్లకు రెండు వాషర్లే ఉంటాయి. 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్కో, 6 మి.మీ. అల్యూమినియం ప్లేటో వెనక వేయించండి.

గోదారి_సరంగు
కృష్ణ గురించి పెద్దలు చెప్పేశారు గానండీ, ట్రైలర్ ఎలాగూ ఉంది కదా అని కాకినాడ దాకా లాక్కొచ్చేవాళ్లుంటారు. వాళ్ల కోసం రెండు ముక్కలు.

మన తీరంలో పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు తీయడం) రోజుకు రెండేసి సార్లండి. సుమారు ఆరుంపావు గంటలకోసారి నీరు తిరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది. పై లెక్కలో "పెరగగల మట్టం" దగ్గర 0.3 కాదు, 1.5 వెయ్యాలి. పాటులో లంగరు వేస్తే ముఖ్యంగా. పోటులో వేస్తే రెండో మాట చూసుకోవాలి, నీరు తీశాక కింద ఎంత మిగులుతుందని. మడ అడవుల పాయల్లో బురద మేట బయటపడిపోతుందండి.

నీరు తిరిగితే బోటూ తిరుగుతుంది, లంగరు మీద లాగుడు పూర్తిగా ఎదురు దిక్కుకి మారుతుంది. ఇరుకు పాయలో అందుకే రెండు లంగర్లు, ఒకటి ఎగువకి, ఒకటి దిగువకి, రెండు తాళ్లూ ముక్కుకే కట్టాలి. ఒకటి వెనక కట్టారంటే నీరు తిరిగినప్పుడు అడ్డం పడిపోతుంది.

హోప్ ఐలాండ్ లోపలి వైపు అలల నుంచి ఆశ్రయం ఉంది, అడుగు బురద. అది కోరింగ అభయారణ్యం కిందకి వస్తుందండి, అటవీ శాఖ వారి మాటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు. అప్పుడు రేవుల్లో బోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి కిక్కిరిసి ఉంటాయి, చోటు దొరకదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ తుపాన్ల కాలం. రేవులో 3వ నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే ఈదురుగాలుల ముప్పు ఉన్నట్టు. చిన్న బోటు ఆ రోజే ట్రైలర్ ఎక్కెయ్యాలండి.

గోదారి మీద అయితే భద్రాచలం మట్టం చూడండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరికకి చాలా ముందే మానులు కొట్టుకొస్తాయి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది కూడా వరద నీటిలోనే. పాపికొండల మధ్య సుళ్లున్న చోట లంగరు మీద ఆధారపడకూడదండి.

రాత్రి_దీపం
దీపం గురించి. సముద్రంలో నౌకలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో 30వ నియమం ప్రకారం లంగరు వేసిన నౌక చుట్టూ కనిపించే తెల్ల దీపం పెట్టాలి. 7 మీటర్లలోపు బోటుకు, దారికి దూరంగా ఉంటే మినహాయింపు ఉంది. జలాశయంలో ఆ మినహాయింపు వాడుకోకండి. తెల్లవారుజామున మూడింటికి జాలరి నాటు పడవ దీపం లేకుండా, ఇంజను పూర్తి వేగంలో వస్తుంది. మీరు ఆ రాత్రి అక్కడున్నారని ఆయనకు తెలియదు.

2 వాట్ల ఎల్‌ఈడీ చాలు. 12 వోల్టుల మీద 13 గంటలకు సుమారు 2.2 యాంపియర్ అవర్లు తింటుంది. యూపీఎస్‌లలో వాడే 7 యాంపియర్ అవర్ల బ్యాటరీ సగం కూడా ఖర్చు కాదు. దీపం ఒక మీటరున్నర కర్ర మీద, తలుపుకు దూరంగా పెట్టండి. పురుగులన్నీ అక్కడికే పోతాయి. పురుగుల కోసమని పసుపు బల్బు పెట్టేవాళ్లున్నారు, అది లంగరు దీపం కాదు. లోపల ఎర్ర వెలుతురు హెడ్‌ల్యాంప్ వాడితే బయటికి చూడగానే కళ్లు చీకటికి అలవాటుపడే ఉంటాయి.

ఫోన్‌లో లంగరు అలారం యాప్ పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం ఇంట్లోనే దించుకోవాలి. కేంద్ర బిందువును లంగరు నీళ్లలో పడిన క్షణంలోనే నొక్కాలి. తాడంతా వదిలాక నొక్కితే వలయం మధ్య బిందువు 35 మీటర్లు తప్పుతుంది, గాలి మారగానే ఉత్త పుణ్యానికి మోగుతుంది. యాప్‌తో పాటు చీకటి పడకముందే ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు గుర్తులు రెండు దిక్కుల్లో చూసిపెట్టుకోండి. గుడి దీపం, టవర్ ఎర్ర బల్బు లాంటి రాత్రి కూడా కనబడేవే ఎంచుకోవాలి. జనవరి తెల్లవారుజామున పొగమంచు కమ్మితే అవి కనబడవు, అప్పుడు యాప్ ఒక్కటే దిక్కు.

నీటిబాట_17
సోమశిల వైపు ఒక పాయ మ్యాప్‌లో చూశాను. వెడల్పు సుమారు 100 మీటర్లు. లోతు 5 మీటర్లు అనుకుంటే సరిపోతుందా?

తాడుముడి
5 + 0.7 + 0.3 = 6. 7 రెట్లు 42 మీటర్లు. అడ్డంగా అదీ దాదాపు 42 మీటర్లే, దానికి బోటు 5, జీపీఎస్ తేడాకు ఇంకో 5. వ్యాసార్ధం 52, అంటే 104 మీటర్ల వలయం. 100 మీటర్ల పాయలో పట్టదు. పైగా అంచులకు పోయేకొద్దీ లోతు తగ్గుతుంది. గాలి నిలకడగా ఉంటుందని నమ్మకం ఉంటే 5 రెట్లకు దిగొచ్చు, 30 మీటర్లు. లేదా రెండు లంగర్లు. ముక్కు నుంచి రెండు తాళ్లు, మధ్య 60 డిగ్రీల కోణం, గాలి వచ్చే వైపు. అప్పుడు బోటు అటూఇటూ తిరిగేది బాగా తగ్గుతుంది. రెండో లంగరు 3 కిలోలది, 3 మీటర్ల గొలుసుతో చాలు. నా మాటైతే ఇంకా వెడల్పైన చోటే చూసుకోండి.

సాగర్_మాపు
బయలుదేరే ముందు హైదరాబాద్ వాతావరణ కేంద్రం డాప్లర్ రాడార్ చిత్రం చూడండి, పిడుగులకు దామిని యాప్. డిసెంబర్‌లో పెద్దగా పని పడదు. ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం వేరు. ముందు గాలి మొత్తం పడిపోయి ఉక్కపోస్తుంది, పది నిమిషాల్లో ఎదురు దిక్కు నుంచి ఈదురుగాలి కొడుతుంది. గాలికి అడ్డమని మీరు ఎంచుకున్న ఒడ్డు మీదికే అది మిమ్మల్ని నెట్టుతుంది. ఆ నెలల్లో రాత్రి మకాం నేనైతే ఎవరికీ చెప్పను.

నీటిబాట_17
అర్థమైంది. సామాను ఎక్కడ దొరుకుతుంది? 8 మి.మీ. గొలుసుకు ఏ షాకిల్ తీసుకోవాలి?

పెడల్_హుస్సేన్
రాణిగంజ్ పో. గొలుసు, షాకిల్, నైలాన్ మోకు అన్నీ ఆడ్నే. లంగరు రెడీగ దొరకకపోతే ఆన్‌లైన్ల తెప్పించుకో. వెల్డింగ్ షాపుల చేయించుడు మాత్రం వద్దు, రెక్కల కోణం తప్పితే అస్సలు దిగబడది.

తాడుముడి
10 మి.మీ. గాల్వనైజ్డ్ షాకిల్. దాని పిన్ 8 మి.మీ. గొలుసు లింకులో దూరుతుందో లేదో కొట్టులోనే పెట్టి చూసుకోండి, అన్ని కంపెనీల లింకులూ ఒక కొలత కాదు. పిన్ పూర్తిగా బిగించి, పిన్ కంటికీ షాకిల్ ఒంటికీ కలిపి స్టెయిన్‌లెస్ తీగ నాలుగు చుట్లు చుట్టి మెలేయండి. తీగ లేని పిన్ ఆ కుదుపులకు మర వదులై ఊడిపోతుంది. ఇంకొకటి, లంగరు దించే ముందే తాడు రెండో చివర బోటు లోపల గట్టి రింగుకు కట్టి ఉండాలి, దాని పక్కనే ఒక కత్తి ఉండాలి.